నీళ్ళు పోసే చేతులు

"నువ్వు ఎత్తుకోవద్దులేమ్మా. శుక్రవారం నేను మారండహళ్ళికి పోతా ఉండాను. ఇంగ ఈ గడప తొక్కితే అప్పుడు అడుగు!"

వెన్నిల తన చీరలూ బిడ్డ గుడ్డలూ కలిపి సంచిలో కుక్కుతోంది. మంచం మీద బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. కాంతామణి గడప అవతల నిలబడి ఉంది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

"బాలింతవు. నెల కూడా నిండలే. అత్తగారింట్లో నీకు ఎవురు చేస్తారే?"

"ఈడ ఎవురు చేస్తా ఉండారు? నీళ్ళు పోసేది అవ్వ. సాంబ్రాణి పొగ వేసేది అవ్వ. అరవై దాటిన ముసిల్ది నడుం పట్టుకుని చేస్తా ఉంటే, కన్నతల్లివి నువ్వు గడప కాడ నిలబడి వేడుక చూస్తావు. ఆడబిడ్డ కదా, అందుకే. ఒప్పుకోమ్మా! వీధంతా అదే మాట."

ఊళ్ళో నోళ్ళకు మూకుళ్ళు పెట్టగలమా? అందులోనూ పాపారపట్టిలో ఆ వీధి నోళ్ళకు! పైగా జరిగింది అందరి కళ్ళ ముందే జరిగింది.

తమిళనాడులోని ఆ పక్క, ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్ళలోనూ, ఒక ఆచారం ఉంది. ఇంటికి వచ్చిన పసిబిడ్డ నాలుకకు మంచి గుణం గల మనిషి ఒకరు చక్కెర నీళ్ళ చుక్క తాకించాలి. దాన్ని సేనె అంటారు. తాకించిన వాళ్ళ గుణమే బిడ్డకు వస్తుందని నమ్మకం. తల్లిపాలు తప్ప ఏదీ పెట్టొద్దని నర్సులు మొత్తుకుని పంపినా ఆ ఒక్క చుక్క మానేవాళ్ళు తక్కువ. వెన్నిల ఏరికోరి తల్లినే అడిగింది. 'మాయమ్మ గుణమే రావల్ల నా బిడ్డకు' అని వచ్చిన వాళ్ళందరి ముందూ మురిసిపోతూ చెప్పింది.

కాంతామణి గిన్నె అందుకుంది. వేలు ముంచింది. వంగింది. బిడ్డ నోరు తెరిచింది.

అంతే, గిన్నె జారి కింద పడింది. కాంతామణి పెరట్లోకి పరిగెత్తి, తొట్టి దగ్గర కూర్చుని, చేతులు బూడిదతో తోమింది, తోమింది, ఎర్రగా కందిపోయేదాకా తోమింది. ఆ రోజు నుంచి బిడ్డను ముట్టుకోలేదు.

ఎందుకో మనకు తెలియబోతోంది. పాపం, వెన్నిలకే తెలియదు.

"చాలించండే మీ రచ్చ! నీళ్ళు కాగినాయి. బిడ్డను ఇట్లియ్యి," అంటూ పెరటి వైపు నుంచి పొన్నుత్తాయి వచ్చింది. కాంతామణి తల్లి. మొగుడు పోయినప్పటి నుంచి కూతురి దగ్గరే ఉంటోంది. నేల మీద కూర్చుని, కాళ్ళు బార్లా చాపి, బిడ్డను ఆ కాళ్ళ మీద బోర్లా వేసుకుని, వీపున వేడినీళ్ళు పోసింది. బిడ్డ ఏడుపు మానేసింది. పొన్నుత్తాయి నీళ్ళు పోస్తే ఎంత మంకు బిడ్డయినా హాయిగా నిద్రపోతుందని వీధిలో పేరు.

కాంతామణి రెప్ప వేయకుండా చూస్తోంది. బిడ్డ తల ఎటు వాలుతోంది, ముక్కులోకి నీళ్ళు పోతున్నాయా, ఊపిరి ఆడుతోందా. రోజూ ఇంతే. వెన్నిల దాన్ని వేడుక అనుకుంటోంది. కాంతామణి కాపలా కాస్తోంది. తల్లి చేతుల మీద ఆమెకు నమ్మకం లేదు. తన చేతుల మీద అంతకన్నా లేదు.

ముప్పై ఏళ్ళ పైమాట. అప్పుడు వాళ్ళు చేను పక్కన గుడిసెలో ఉండేవాళ్ళు. కాంతకు ఏడేళ్ళు. చెల్లెలు పుట్టింది. రెండోదీ ఆడదే అని ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున, చాప మీద పడుకున్న పొన్నుత్తాయి కూతురిని పిలిచి, చేతికి చిన్న గిన్నె ఇచ్చింది. 'గట్టు మీద జిల్లేడు ఉండాది కదా, దాని పాలు రొంత పట్టుకు రా. చెల్లెలికి మందు.'

ఏడేళ్ళ పిల్లకు మందంటే మందే. ఒక్క చుక్క ఒలకకుండా తెచ్చి తల్లి చేతికి ఇచ్చింది. సాయంత్రానికి చెల్లెలు లేదు. ఎవరూ ఏడవలేదు. ఇంకొన్నాళ్ళకు కలుపు తీసే చోట ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటుంటే, జిల్లేడు పాలు ఏ మందో కాంతకు తెలిసింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. తల్లిని అడగలేదు. చేతులు మాత్రం ఊరికే తోముకునేది. మొగుడికి తెలియదు. వెన్నిల పుట్టినప్పుడు కూడా పొన్నుత్తాయి పిలుపుకు పోక, అత్తగారి చేత నీళ్ళు పోయించుకుంది. పాలు ఇవ్వడం తప్ప తన చేత్తో బిడ్డ నోటికి ఏమీ పెట్టలేదు. అదంతా మరిచిపోయిందనే అనుకుంది. మరుపు ఎక్కడిది?

*

మధ్యాహ్నం బిడ్డను తూకం వేయడానికి ఊరి ఆరోగ్య నర్సు వచ్చింది. వెన్నిల ఆమె ముందే కడుపులో ఉన్నదంతా కక్కేసింది. మాయమ్మకు ఆడబిడ్డంటే అసహ్యం అంది. నర్సు వెన్నిల మాట విని, కాంతామణి చేతుల వైపు చూసింది. కందిన వేళ్ళు, పగిలిన గోళ్ళు.

"నిద్ర పడుతుందా అక్కా?" అని తమిళంలో అడిగింది.

"లేదు."

"ఇది అసహ్యం కాదు వెన్నిలా. నాకైతే జబ్బులా ఉంది. ధర్మపురి పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు ఉన్నారు. పక్క గదిలో షర్మిళ అని ఒకమ్మ కూర్చుంటుంది. గురువారాలు ఉంటుంది. ఆమె మందులు ఇవ్వదు. కూర్చోబెట్టి మాట్లాడుతుంది. డబ్బులేమీ అడగరు."

డబ్బులు అడగరన్న మాట వినగానే అరుగు మీద బీడీ కాలుస్తున్న రాజేంద్రన్ తల తిప్పాడు. కాంతామణి మొగుడు, చింతపండు మండీలో మూటలు మోస్తాడు. పోయిన వారం, నిద్ర పట్టడం లేదంటే, అతనే భార్యను సేలంలో పేరున్న డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు మంచివాడే. మాత్రలతో అయిపోయేది కాదు, వారం వారం వచ్చి మాట్లాడాలి, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం అన్నాడు. ఒక్కసారి మాట్లాడితే రాజేంద్రన్ వారం మోసిన మూటల కూలి అయిపోయింది. 'మాటకు ఇంత కూలి నా జన్మలో చూడలే' అని దారి పొడుగునా తల పట్టుకున్నాడు. మళ్ళీ పోలేదు. కొండ మీద స్వామి దగ్గర తాయెత్తు కట్టించాడు. అదిప్పుడు కాంతామణి మోచేతికి దురద పుట్టిస్తోంది.

"మాట్లాడేదానికి ఆస్పత్రి యాల?" అన్నాడిప్పుడు. "ఇంట్లో నేను లేనా? నాతో మాట్లాడు, కాంతా. ఏముండాదో చెప్పు."

నిజంగానే అడిగాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. కాంతామణి తల వంచుకుంది. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషికి చెప్పలేనిది, ముఖం కూడా తెలియని ఆ షర్మిళకు ఎలా చెబుతుంది?

"గురువారం పో మా," అంది వెన్నిల. ఆమె గొంతు పొద్దుటంత గట్టిగా లేదు. "జబ్బయితే పోయి చూపించుకో. నేను నమ్ముతా. జబ్బు కాదు, ఆడబిడ్డనే నీకు గిట్టలే అంటే అట్లే చెప్పు. శుక్రవారం ఆయన ఆటో తెస్తాడు. మళ్ళీ రాను."

కాంతామణి పోతానన్నట్టు తల ఊపింది.

"నేనూ వస్తా," అంది పొన్నుత్తాయి వెంటనే. "అది ఒంటిగా యాడ పోతాది?"

ముసలితనంలోనూ కూతురి మీద ఎంత ప్రేమో అనుకున్నారు అందరూ. ప్రేమ లేదని ఎవరంటారు? ప్రేమా ఉంది, భయమూ ఉంది.

*

గురువారం, ఆడవాళ్ళకు టికెట్ లేని మామూలు బస్సు కోసం ఇద్దరూ ఎండలో నిలబడ్డారు. టికెట్ బస్సులు ఒకదాని వెంట ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయాయి.

"నిద్ర రాలేదని చెప్పు. తల తిరగతాదని చెప్పు," అంది పొన్నుత్తాయి రోడ్డు వైపు చూస్తూనే. "మాత్ర ఇస్తారు. తీసుకుని వచ్చేద్దాం."

కాంతామణి తాయెత్తు కింద గోక్కుంది.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదనే పడతాది, కాంతా. పెండ్లయిన బిడ్డ ఉండాది నీకు. అల్లుడు ఉండాడు. రొంత ఆలోచించు."

ముప్పై ఏళ్ళలో ఆ సంగతికి ఇంత దగ్గరగా తల్లి రావడం అదే మొదటిసారి. అంటే అమ్మకు తెలుసు. తనకు గుర్తుందని అమ్మకు తెలుసు. ఇన్నాళ్ళూ తెలిసే ఊరుకుంది!

ఆసుపత్రిలో జనం తిరనాళ్ళలా ఉన్నారు. డబ్బు అడగని చోట ఓపిక అడుగుతారు. ఎండ వరండా మీది నుంచి గోడ మీదికి ఎక్కేదాకా కూర్చున్నాక పిలిచారు. గది చిన్నది. సగం గదిని పాత బీరువాలు ఆక్రమించాయి. షర్మిళ వయసులో వెన్నిలకు అక్కలా ఉంది.

"ఏం ఇబ్బంది అమ్మా?" అంది తమిళంలో.

"నిద్ర రాదు దీనికి," అంది పొన్నుత్తాయి.

"ఎప్పటి నుంచి?"

"మనవరాలు పుట్టినప్పటి నుంచి. పని ఎక్కువైపోయింది."

"బిడ్డను ఎత్తుకోవడానికి భయపడుతున్నారని నర్సు ఫోన్ చేసి చెప్పింది. ఎందుకు భయం?"

"భయమేముంది? కూతురి కానుపుకు అలిసిపోయింది. అంతే."

షర్మిళ పెద్దావిడ వైపు చూసి చిన్నగా నవ్వింది. "అవ్వా, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

"నేను కన్న కూతురు. నా ముందర చెప్పుకోలేనిది దీనికి ఏముంటాది?" అని పొన్నుత్తాయి కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"పో అమ్మా," అంది కాంతామణి తెలుగులో.

"కాంతా..."

"పో."

తల్లికి ఎదురు చెప్పడం ఆ మనిషి జీవితంలో అదే మొదలు. పొన్నుత్తాయి కూతురి ముఖంలోకి చూసి, లేచి, గోడ పట్టుకుని బయటికి పోయింది.

షర్మిళ తొందర పెట్టలేదు. కాంతామణి కొంగు విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"నేను చెప్తే అది పోలీసులకు పోతుందా?"

"మీరు చెప్పింది ఈ గది దాటదు. కానీ ఇప్పుడు ఏ బిడ్డకైనా ఆపద ఉందంటే మాత్రం నేను ఊరుకోలేను. ఇది ముందే చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మీ మనవరాలికి ఏమైనా ఆపద ఉందా?"

"నా చేతులే," అంది కాంతామణి. "నా చేతులు తగిలితే..."

"బిడ్డను ఏమైనా చేయాలని అనిపిస్తుందా? లేక, ఏమైనా అయిపోతుందేమోనని భయమా?"

"అయ్యో, భయమమ్మా! దాని గోరు నొచ్చినా నేను బతకను."

"సరే. నేను వింటున్నాను. మెల్లగా చెప్పండి."

అప్పుడు చెప్పింది. ముందు తెలుగులో వచ్చేసింది. 'నేనే తెచ్చిస్తిని, నేనే తెచ్చిస్తిని' అని ఏడుస్తూ ఊగిపోయింది. తరువాత తమిళంలో మొదటి నుంచి చెప్పింది. చాప, గిన్నె, గట్టు, ఒలకకుండా నడవడానికి తను పడ్డ జాగ్రత్త, బాగా తెచ్చినందుకు అమ్మ మెచ్చుకుంటుందని పడ్డ ఆశ.

షర్మిళ కళ్ళు కూడా తడిశాయి. మీ తప్పు లేదు అని చటుక్కున అనేయలేదు. "మీ వీధిలో ఇప్పుడు ఏడేళ్ళ పిల్లలు ఎవరైనా ఉన్నారా?" అంది.

"ఉంటారు."

"ఈసారి వచ్చేలోగా ఒక పిల్లను బాగా చూడండి. ఎంత ఉంటుందో, దాని చేతులెంత ఉంటాయో చూడండి. చూసి వచ్చి నాకు చెప్పండి. ఇది ఒక్క రోజుతో పోయేది కాదమ్మా. మీరు మళ్ళీ రావాలి. చాలాసార్లు రావాలి."

తలుపు కొట్టారు. ఆ గది ఇంకెవరికో కావాలట. కాంతామణి ఇంకా కన్నీళ్ళు తుడుచుకుంటూనే లేచింది. ముప్పై ఏళ్ళుగా మూసిన మూత అప్పుడే తీసింది, అప్పుడే లెమ్మంటున్నారు. ధర్మాసుపత్రి గదులు అంతే, ఎవరిని అని ఏం లాభం! షర్మిళ గుమ్మం దాకా వచ్చి భుజం మీద చేయి వేసి, "గురువారం. ఎదురు చూస్తాను," అంది.

*

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పొన్నుత్తాయి ఊరుకోలేక అడిగింది.

"ఏం చెప్పినావు?"

"అంతా."

ముసలావిడ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

దారిలో ఒక బడి దగ్గర పిల్లలు ఎక్కారు. జనం నెట్టుకుంటుంటే ఒక చిన్నపిల్ల వచ్చి కాంతామణి మోకాళ్ళకు ఆనుకుని నిలబడింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ముందు పన్ను ఊడిపోయింది.

"ఏ తరగతి?" అని కాంతామణి తమిళంలో అడిగింది.

"రెండు."

పిల్ల పడిపోకుండా సీటు కమ్మీ పట్టుకుంది. ఆ చేయి కమ్మీ చుట్టూ పూర్తిగా రాలేదు. వేళ్ళకు పెన్సిలు మసి. కాంతామణి ఆ చేతినే చూసింది. ఇంతేనా? ఇంతే ఉన్నానా నేను? ఈ పిల్లకు గిన్నె ఇచ్చి పంపారా? కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. పిల్ల భయపడి అవతలికి జరిగింది.

పొన్నుత్తాయి ఆ పిల్లను చూసింది, కూతురిని చూసింది. ఆమెకు అర్థమైంది.

"నువ్వు తెచ్చింది నీ చెల్లెలికి పోయలేదే," అంది.

కాంతామణి మెల్లగా తల తిప్పింది.

"నువ్వు గట్టు ఎక్కక ముందే అయిపోయింది. మా అత్త చేసింది. ఎట్లని అడగొద్దు. నువ్వు ఇంట్లో ఉండకూడదని పంపిస్తిని. ఏం చెప్పి పంపేదో తెలీక, ఆ ముసిల్దాని నోట్లో మాటే నా నోట్లో వచ్చేసింది. నువ్వు తెచ్చిన గిన్నె అట్లే పెరట్లో పోసేస్తిని."

బస్సు ఒక మలుపు తిరిగింది. నిలబడ్డ వాళ్ళంతా ఒక పక్కకు ఒరిగారు.

"మరి నువ్వు?" అంది కాంతామణి. "నువ్వేం చేస్తా ఉండావు అప్పుడు?"

"గోడ పక్కకు తిరిగి పండుకుంటిని."

"నా చేతుల్తో జరగలేదని నీకు తెలుసు. నేను చేతులు తోముకునేది చూస్తా ఉండావు. చిన్నప్పటి నుంచి చూస్తా ఉండావు. ఒక్క మాట చెప్పకపోతివా అమ్మా? ఒక్క మాట!"

పొన్నుత్తాయి కొంగుతో ముఖం కప్పుకుంది. "చెప్తే, మరి ఎవురు చేసిరి అని అడుగుతావు. నువ్వు యాల ఊరుకుంటివి అని అడుగుతావు. నాకు వేరే బిడ్డ లేదు కాంతా. నువ్వూ నన్ను వదిలేస్తే నాకు ఎవురుండారు?"

కాంతామణి మనసు తేలికపడాలి కదా? పడలేదు. చేతుల మీది నుంచి ఒక బరువు దిగిన మాట నిజమే. అది దిగిన చోటే తల్లి మీద కోపం, తల్లి కోసం దుఃఖం, రెండూ ఒక్కసారిగా వచ్చి కూర్చున్నాయి. పాపారపట్టి వచ్చేదాకా ఇద్దరూ ఒకరి భుజం ఒకరికి తగులుతూనే కూర్చున్నారు. దిగే ముందు కాంతామణి ఒక్క మాట అంది.

"రేపు బిడ్డకు నీళ్ళు నేను పోస్తా. నువ్వు ముట్టుకోవద్దు."

*

శుక్రవారం పొద్దున వెన్నిల సంచి గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. ఆటో ఇంకా రాలేదు. పెరట్లో నీళ్ళు కాగుతున్నాయి.

కాంతామణి తాయెత్తు విప్పేసి, కొంగు నడుముకు దోపి, నేల మీద కూర్చుంది. కాళ్ళు చాపింది. చేతులు ముందుకు చాచింది.

"ఇట్లియ్యి."

వెన్నిల బిడ్డను గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయింది. "నువ్వా?"

"నేనే."

"ఆస్పత్రిలో ఏం చెప్పినారు? రాత్రి అడిగితే పలకకపోతివి."

"జబ్బే అంట. ఇంగా శానా సార్లు పోవల్ల. పోతా." కాంతామణి చాచిన చేతులు దించలేదు. "ఆడబిడ్డని కాదు వెన్నిలా. నీ మీద ఆన. దాన్ని చూసి చూసి నా కండ్లు కాయలు కాసిపోయినాయి. ఇయ్యి తల్లీ."

వెన్నిల ముఖం విచ్చుకోలేదు, ముడుచుకోనూ లేదు. వంగి, బిడ్డను మెల్లగా తల్లి కాళ్ళ మీద పెట్టింది. కానీ తన చేయి మాత్రం తీయలేదు. కాసేపటికి అదీ తీసింది.

బిడ్డ వెచ్చగా ఉంది. కాంతామణి అరచేయి ఆ వీపు మీద ఆనింది. చేయి ఈసారి వెనక్కి రాలేదు. చెంబుతో నీళ్ళు ముంచి పోసింది. బిడ్డ ఉలిక్కిపడి, ఒళ్ళు విరుచుకుని, ఊరుకుంది. వెన్నిల గబుక్కున కళ్ళు తుడుచుకుని నవ్వింది. "చూడు మా, ఏడవలే! నీకాడ కూడా ఏడవలే!"

కాంతామణి తల ఎత్తింది. ఇన్నాళ్ళు తను నిలబడ్డ గడప దగ్గరే పొన్నుత్తాయి నిలబడి ఉంది. లోపలికి రాలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. బోసినోరు తెరుచుకుపోయింది, భుజాలు కదిలిపోతున్నాయి, గొంతులోంచి మాత్రం చప్పుడు లేదు.

వీధి చివర ఆటో హారన్ వినిపించింది. వెన్నిల దాన్ని పట్టించుకోలేదు. గడప వైపు చూస్తోంది.

"అవ్వా? సంతోషమేనా అది? యాల అట్ల ఏడుస్తా ఉండావు?"

పొన్నుత్తాయి గోడ వైపు తిరిగింది.

వెన్నిల నవ్వు ఆగిపోయింది. అవ్వ వీపును చూసింది, తల్లి చేతుల్ని చూసింది, మళ్ళీ అవ్వను చూసింది. తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

"మా... నిన్నటి దాకా బిడ్డకు నీళ్ళు పోసింది అవ్వ కదా. ఈ దినం అవ్వ యాల లోపలికి రాలే?"

కాంతామణి చేతిలో చెంబు ఆగింది.